తుపాను రాకముందే తేల్చుకోవాల్సినవి: తీరప్రాంత కుటుంబాలకు సమగ్ర మార్గదర్శి

హుద్‌హుద్ తుపాను వెళ్లిపోయిన మర్నాడు పొద్దున్నే మా ఆవిడ వంటింట్లో కుళాయి తిప్పింది. నాలుగు చుక్కలు రాలి ఆగిపోయింది. 2014 అక్టోబర్ 13, విశాఖపట్నం, అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు. కింద సంపు నిండా నీళ్లున్నాయి. వాటిని పైకి ఎక్కించే మోటారుకి కరెంటు లేదు. బకెట్‌తో తోడుకుందామని దిగితే సంపు మూతకి తాళం. తాళంచెవి వాచ్‌మన్ దగ్గరుంది. అతను దసరాకి ఊరెళ్లి ఇంకా తిరిగి రాలేదు. ఫోన్ చేద్దామంటే ఎవరి ఫోన్‌లోనూ సిగ్నల్ లేదు. కింది ఇంటి ఆయన గునపం తెచ్చి తాళం పగలగొడితే, బట్టలారేసే నైలాన్ తాడు బకెట్‌కి కట్టి తోడుకున్నాం. ఆరు కుటుంబాలు, ఒక్క తాడు.

ముందు రోజు వీచిన గాలిని ఎవరం ఆపలేం. విమానాశ్రయం పైకప్పే లేచిపోయింది, మన కిటికీ అద్దాలెంత. కానీ ఆ తాళంచెవి ఎక్కడుందో ముందే కనుక్కోవడం నా చేతిలో పనే. ఆ నాలుగు రోజుల్లో మేం పడ్డ కష్టాల్లో సగం గాలివల్ల వచ్చినవి కావు, ముందు ఆలోచించకపోవడంవల్ల వచ్చినవి. అప్పట్నుంచీ మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. అదే ఇక్కడ వరసగా చెబుతున్నాను. తీరంలో ఉన్నవాళ్లకు ఎక్కువ పనికొస్తుంది. వాగుల పక్కన, లోతట్టు కాలనీల్లో ఉండేవాళ్లకూ చాలావరకు వర్తిస్తుంది.

మొదటి పని: ఒక కాగితం, ఒక గంట

వస్తువులు కొనడంతో మొదలుపెట్టకండి. ఆకాశం నిర్మలంగా ఉన్న ఒక ఆదివారం సాయంత్రం ఇంట్లో అందరూ కూర్చోండి. పిల్లల్ని, పెద్దవాళ్లని కూడా కూర్చోబెట్టండి. తుపాను వెళ్లిపోయి రెండో రోజని ఊహించుకోండి. కాగితం పైన "కరెంటు లేదు" అని రాయండి. దాని కింద, కరెంటు లేకపోతే ఏమేం ఆగుతాయో ఒక్కొక్కటే రాసుకుంటూ పోండి.

ఫ్యాను, లైటు అని అందరూ టకటకా చెబుతారు. అక్కడ ఆగకండి. మోటారు ఆగితే నీళ్లుండవు. నీళ్లు లేకపోతే తాగడానికి ఎలాగో తంటాలు పడతాం, మరి బాత్రూంకి? లిఫ్ట్ ఆగితే మోకాళ్ల నొప్పులున్న అత్తగారు మూడో అంతస్తు నుంచి ఎలా దిగుతారు? ఫ్రిజ్ ఆగితే నాన్నగారి ఇన్సులిన్ సంగతేంటి? ఇండక్షన్ స్టవ్ మీదే వండుకునే ఇల్లయితే వంట ఎలా? సెల్‌టవర్ల బ్యాటరీలు అయిపోతే ఫోన్లు పోతాయి. ఫోన్ పోతే ఫోన్‌పే, గూగుల్‌పే పోతాయి. ఏటీఎం ఎలాగూ పనిచేయదు. అంటే జేబులో నోట్లు లేనివాడికి పాల ప్యాకెట్ కూడా రాదు. హుద్‌హుద్ తర్వాత పెట్రోలు బంకుల దగ్గర, పాల వ్యాన్ల దగ్గర విశాఖ జనం గంటల తరబడి నిలబడ్డారు. ఒక్కటి ఆగితే దాని వెనకే ఇంకోటి ఆగుతుంది. ఆ వరస కాగితం మీద కనిపిస్తేగాని మన ఇంటి బలహీనత ఎక్కడుందో తెలియదు.

తర్వాత ఇలాగే ఇంకో మూడు కాగితాలు రాయండి. "ఫోన్లు పనిచేయడం లేదు." "రోడ్డు మూసుకుపోయింది." నాలుగోది చాలామంది రాయరు, నా దృష్టిలో అదే ముఖ్యం: "ఈ పనులన్నీ తెలిసిన మనిషి ఇంట్లో లేడు." మెయిన్ స్విచ్ ఎక్కడుందో, బీమా కాగితాలు ఏ బీరువాలో ఉన్నాయో ఒక్కరికే తెలిసిన ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ ఒక్కరూ హైదరాబాద్‌లో మీటింగ్‌లో ఉంటే మిగిలినవాళ్లకు కాళ్లూ చేతులూ ఆడవు.

రాసిన ప్రతి కష్టానికీ ఎదురుగా మూడు జవాబులు రాయండి. అప్పుడు ఏం చేస్తాం? ఎవరు చేస్తారు? దానికి కావాల్సిన వస్తువు ఇప్పుడు ఎక్కడుంది? మా కాగితంలో ఒక వరస ఇలా ఉంటుంది: "మోటారు ఆగితే సంపులోంచి తోడాలి. పెద్దబ్బాయి, కింది ఇంటి ఆయన. తాడు, బకెట్ మీటర్ల గదిలో. సంపు తాళంచెవులు రెండు: ఒకటి వాచ్‌మన్ దగ్గర, ఇంకోటి మా తలుపు వెనక మేకుకి." మూడో జవాబు దగ్గర ఎవరైనా "ఎక్కడో ఉండాలి" అన్నారంటే, అది లేదనే అనుకోండి.

రెండో పని: మీ ఇంటికి వచ్చే ముప్పు ఏదో తేల్చుకోవడం

తుపాను అనగానే అందరూ గాలే అనుకుంటారు. నిజానికి అందులో మూడు ముప్పులున్నాయి: గాలి, వాన నీళ్లు, ఉప్పెన. గాలికి గట్టి శ్లాబు ఇల్లు తట్టుకుంటుంది. ఉప్పెన ముందు ఇంటి గట్టితనం కంటే అది ఎంత ఎత్తులో ఉందన్నది ముఖ్యం. మీది రేకుల ఇల్లో, పెంకుటిల్లో, తాటాకిల్లో అయితే మొదటి శత్రువు గాలి. సముద్రానికి, ఏటి ముఖద్వారానికి దగ్గర పల్లంలో ఉంటే ఉప్పెన. కాలువ పక్కనో, చెరువు కిందో కాలనీ అయితే వాన నీళ్లు.

ఈ మూడోదాన్ని తక్కువగా చూడొద్దు. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు అక్కడ పెనుగాలి లేదు. అదే రోజు ఖమ్మంలో మున్నేరు ఇళ్లమీదికి వచ్చింది. సింగ్‌నగర్ జనం రోజుల తరబడి మేడలమీదే ఉండిపోతే, డ్రోన్లతో కూడా ఆహారం పంపాల్సి వచ్చింది. మీ వీధిలో పాతకాపుల్ని అడగండి: ఇక్కడ నీళ్లు ఎప్పుడైనా వచ్చాయా, ఎక్కడిదాకా వచ్చాయి, ముందు ఏ వైపు నుంచి వచ్చాయి? "అప్పుడు ఆ గుడి మెట్లు మునిగాయి" అని ఒక ముసలాయన చెప్పే మాటకు చాలా విలువుంది. గోడమీద ఆ మట్టం దగ్గర ఒక గీత గీయండి. కాగితాలు, ఇన్వర్టర్ బ్యాటరీ, బియ్యం డబ్బా ఆ గీతకు పైనే ఉండాలి.

మూడో పని: ఎప్పుడు కదలాలో ఇప్పుడే నిర్ణయించుకోవడం

ఈ మార్గదర్శిలో ఒక్క భాగమే చదువుతానంటే ఇది చదవండి.

1977 నవంబర్ 19న కృష్ణా ముఖద్వారం దగ్గరున్న దివిసీమ మీద ఉప్పెన పడింది. సుమారు ఐదు మీటర్ల ఎత్తున లేచిన సముద్రం ఊళ్లకు ఊళ్లను తుడిచేసింది. దాదాపు పదివేల మంది పోయారు. 1990 మే 9న దాదాపు అంతే బలమైన తుపాను మళ్లీ కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. పొలాలు పోయాయి, ఇళ్లు పోయాయి, పశువులు పోయాయి. చనిపోయినవాళ్లు మాత్రం వెయ్యి లోపు. ఈ తేడాకు పెద్ద కారణం లక్షలమందిని ముందే ఖాళీ చేయించడం. ఆ పదమూడేళ్లలో హెచ్చరికల వ్యవస్థ మెరుగుపడింది, తీరంలో తుపాను షెల్టర్లు లేచాయి, చెబితే కదిలే అలవాటు జనానికి వచ్చింది.

కదలమని అధికారులు చెప్పినా ఇంట్లో ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. "ఇంకాసేపు చూద్దాం." "పోయినసారీ ఇలాగే అన్నారు, ఏమైంది?" "గేదెను వదిలి ఎలా వస్తాను?" ఆ వాదన తేలేసరికి చీకటి పడుతుంది, చెట్లు కూలి దారి మూసుకుపోతుంది. అందుకే ఆ వాదన ఇప్పుడే పూర్తి చేయండి. ఒక గుర్తు పెట్టుకోండి. అది కనిపించిన క్షణం ఇక చర్చ ఉండదు.

గుర్తు ఎలా ఉండాలంటే, పదేళ్ల పిల్లకు కూడా అర్థమవ్వాలి. "వాన బాగా ఎక్కువైతే వెళ్దాం" అన్నది గుర్తు కాదు. "వీధి చివర కల్వర్టు మీదికి నీళ్లొస్తే అమ్మమ్మను తీసుకుని పై ఊరు అత్తయ్య ఇంటికి" అన్నది గుర్తు. రేకుల ఇళ్లవాళ్లకు: "మన జిల్లాకు తుపాను హెచ్చరిక వచ్చిన రోజే, వెలుగుండగానే స్కూలుకి." ఉప్పెన ప్రాంతంవాళ్లకు: "ఖాళీ చేయమని మైకులో చెప్పగానే." అధికారులు చెప్పడం మీ గుర్తు కంటే ముందే జరిగితే వాళ్ల మాటే చివరి మాట.

గుర్తుతోపాటు మూడు సంగతులు తేల్చండి. ఎక్కడికి వెళ్తారు? ఆ దారి మూసుకుపోతే ఇంకో దారేది? నడవలేనివాళ్లను ఎవరు తీసుకెళ్తారు, దేనిమీద? పశువులుంటే వాటిని ఎప్పుడు, ఏ మెరకకు తోలాలో కూడా రాసుకోండి. చాలామంది ఇంట్లోనే ఉండిపోయేది వాటికోసమే. ఇక ఏ దారీ లేనప్పుడు కట్టుతాళ్లు విప్పేయండి. కట్టేసి ఉన్న పశువు ఈదలేదు.

ఒకళ్లనొకళ్లు తప్పిపోతే ఎలా? దూరపు ఊళ్లో ఉన్న ఒక బంధువును ఎంచుకోండి. మా ఇంటికి హైదరాబాద్‌లో ఉండే మా పిన్ని. ఎవరికి సిగ్నల్ దొరికినా ముందు పిన్నికే ఫోన్ చేసి "నేను ఫలానా చోట ఉన్నాను" అని చెప్పాలి. బెంగళూరులో, అమెరికాలో ఉన్న పిల్లలు కూడా ఆమెకే ఫోన్ చేయాలి. ఇక్కడివాళ్ల నంబర్లకు పదే పదే కొట్టి వాళ్ల బ్యాటరీ తినేయకూడదు. ఆ నంబరు కాగితంమీద రాసి ప్రతివాళ్ల పర్సులో పెట్టండి. ఈరోజుల్లో సొంత భార్య నంబరు కూడా గుర్తుండటం లేదు మనకు.

నాలుగో పని: హెచ్చరికల భాష నేర్చుకోవడం

టీవీలో అరుపులు విని టెన్షన్ పడేకంటే వాతావరణ శాఖ వాడే మాటలు నేర్చుకుంటే చాలు. అల్పపీడనం బలపడితే వాయుగుండం, తర్వాత తీవ్ర వాయుగుండం. గాలి గంటకు 62 కిలోమీటర్లకు చేరితే తుపాను. 89కి చేరితే తీవ్ర తుపాను. 118కి చేరితే అతి తీవ్ర తుపాను. హుద్‌హుద్ తీరం దాటేటప్పుడు గాలి 180 దాకా వెళ్లింది.

తీరం దాటడానికి 72 గంటల ముందు తొలి సూచన వస్తుంది. కనీసం 48 గంటల ముందు అప్రమత్తత సందేశం, 24 గంటల ముందు తుపాను హెచ్చరిక, సుమారు 12 గంటల ముందు తీరం దాటాక లోపలి ప్రాంతాల పరిస్థితి ఎలా ఉండొచ్చో చెప్పే బులెటిన్ వస్తాయి. మీ కాగితంలోని పనులను ఈ గంటల ప్రకారం పంచుకోండి. ఓడరేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికలు 1 నుంచి 11 దాకా ఉంటాయి. 8, 9, 10 అంటే మహా ప్రమాదం. 11 అంటే తుపాను హెచ్చరిక కేంద్రంతోనే సంబంధాలు తెగిపోయాయని. ఈ సూచికలు ముఖ్యంగా ఓడలకు, వేటకెళ్లేవాళ్లకు. ఊళ్లో ఇంటికి 24 గంటల హెచ్చరికే ఆధారం.

బ్యాటరీతో నడిచే చిన్న రేడియో ఒకటి కొనండి. నెట్‌వర్క్ పోయాక వార్త తెలిసేది దానిలోనే.

ఐదో పని: పెట్టె

ఇప్పుడు కొనుగోళ్లు. లెక్క నాలుగు రోజులకు వేసుకోండి.

తాగడానికి, వంటకు మనిషికి రోజుకు మూడు లీటర్లు. నలుగురికి నాలుగు రోజులంటే దాదాపు 50 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు మూడు. మిగతా అవసరాలకు తుపానుకు ముందురోజే బిందెలు, బకెట్లు, డ్రమ్ములు అన్నీ నింపుకోవాలి. తిండికి అటుకులు, మరమరాలు, బెల్లం, వేరుశనగలు, బిస్కెట్లు, పాలపొడి: పొయ్యి వెలిగించకపోయినా కడుపు నిండేవి. అటుకులు కాసిని నీళ్లలో తడిపి బెల్లం కలిపితే పిల్లలు మారాం చేయకుండా తింటారు. గ్యాస్ బండ రెండోది నిండుగా ఉందో లేదో అక్టోబర్ రాకముందే చూసుకోవాలి.

టార్చిలు రెండు, సరిపడా బ్యాటరీలు, పవర్ బ్యాంక్, అగ్గిపెట్టె ప్లాస్టిక్ కవర్లో. కొవ్వొత్తుల కంటే టార్చి మేలు. గాలికి ఊగే తెరల మధ్య కొవ్వొత్తి ప్రమాదం. పది మీటర్ల తాడు, చాకు, టార్పాలిన్ పట్టా, విజిల్. ఆడపిల్లలున్న ఇంట్లో ప్యాడ్లు మర్చిపోవద్దు. షెల్టర్లో అడగడానికి మొహమాటపడి వాళ్లు పడే ఇబ్బంది చాలా ఎక్కువ.

డబ్బు నోట్లలో ఉంచండి, అందులోనూ ఎక్కువ వంద, యాభై, ఇరవై రూపాయలవి. తుపాను మర్నాడు ఐదొందల నోటుకు చిల్లర ఎవడూ ఇవ్వడు.

మందుల దగ్గర కాస్త ఆగి చెబుతాను. హుద్‌హుద్ మూడో రోజున నాన్న బీపీ మాత్రలు అయిపోయాయి. ఖాళీ స్ట్రిప్ చేతిలో పట్టుకుని తెరిచి ఉన్న మందుల షాపు కోసం, రోడ్డుకు అడ్డంగా పడ్డ చెట్లు దాటుకుంటూ రెండు గంటలు నడిచాను. దొరికిన షాపులో ఆ కంపెనీది లేదు. అదే మందు వేరే పేరుతో ఇచ్చారు, అదీ స్ట్రిప్ వెనక ఉన్న రసాయనం పేరు చదివి. అందుకే రోజూ వాడే మందులు ఎప్పుడూ పదిహేను రోజులవి అదనంగా ఉంచండి. కొత్తవి కొనగానే వెనక పెట్టి, పాతవి ముందు వాడండి. మందు అసలు పేరు, మోతాదు కాగితం మీద రాసి పెట్టెలో ఉంచండి. ఇన్సులిన్ వాడేవాళ్లు: వాడకంలో ఉన్న సీసా లేదా పెన్ను సాధారణంగా నాలుగు వారాలదాకా ఫ్రిజ్ లేకపోయినా నిలుస్తుంది, ఎండ తగలకుండా, మరీ వేడెక్కకుండా చూసుకుంటే చాలు. మీ మందు సంగతి మీ డాక్టరుని ముందే అడగండి. నీళ్లు చల్లిన మట్టికుండలో, తడి తగలకుండా డబ్బాలో పెట్టి ఉంచడం పాత పద్ధతే అయినా పనిచేస్తుంది. డయాలసిస్, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లు, నెలలు నిండిన గర్భిణులు ఉంటే, హెచ్చరిక వచ్చిన రోజే ఆసుపత్రికి దగ్గరగా వెళ్లిపోవాలి. గాలి మొదలయ్యాక 108 కూడా రాలేదు.

కాగితాలు: ఆధార్, రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం, ఇంటి దస్తావేజు, పిల్లల సర్టిఫికెట్లు, బ్యాంకు పాసుబుక్, బీమా పాలసీలు. జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లలో పెట్టి, ఆ కవర్లు ఒక గట్టి డబ్బాలో. అన్నిటికీ ఫోటోలు తీసి పిన్నికి కూడా పంపండి. డిజీలాకర్‌లో వచ్చేవి అందులో పెట్టుకోండి. అసలు దస్తావేజు తడిసి ముద్దయ్యాక పడే తిప్పలు చెప్పలేం.

బీమా గురించి రెండు ముక్కలు. బండికి థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే వరదనష్టానికి పైసా రాదు, సమగ్ర పాలసీ ఉండాలి. అదున్నా, నీళ్లలో మునిగిన బండిని స్టార్ట్ చేస్తే ఇంజన్ పాడవుతుంది, ఇంజన్ రక్షణ విడిగా తీసుకోకపోతే ఆ ఖర్చు సాధారణంగా ఇవ్వరు. ఇంటికి భారత్ గృహ రక్ష అనే ప్రామాణిక పాలసీ 2021 ఏప్రిల్ నుంచి ఉంది. తుపాను, వరద రెండూ అందులో ఉన్నాయి. తుపాను పేరు టీవీలో వచ్చాక కొందామనుకోవడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

ఆరో పని: చివరి రెండు రోజులు

48 గంటల ముందు: మందులు, డబ్బు, పెట్రోలు. ఇంటిమీద వాలిన కొమ్మలు కొట్టించండి. డాబామీద వదులు రేకులు, పూలకుండీలు, సింటెక్స్ మూత, విరిగిన కుర్చీలు దించేయండి. గాలిలో లేచిన రేకు కత్తి లాంటిది.

24 గంటల ముందు: నీళ్లు నింపుకోవడం, ఫోన్లు, పవర్ బ్యాంకులు ఛార్జింగ్. బండ్లను చెట్ల కింద నుంచి, సెల్లార్ నుంచి తీసి మెరక మీద పెట్టండి. పెద్దవాళ్లను, పసిపిల్లలను ముందే పంపించేయండి. మీ గుర్తు వచ్చిందా లేదా చూసుకోండి.

ఇంట్లోనే ఉండేవాళ్లు అద్దాల కిటికీలకు దూరంగా, ఇంటి మధ్య గదిలో ఉండాలి. మాకు అది పూజగది పక్కనున్న చిన్న గది. ఫ్రిజ్, టీవీ ప్లగ్గులు తీసేయండి. నీళ్లు లోపలికొస్తున్నాయనిపిస్తే, నేల ఇంకా పొడిగా ఉండగానే మెయిన్ ఆపేయండి, గ్యాస్ కట్టేయండి.

ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. తుపాను కన్ను మీ ఊరి మీదుగా పోతే గాలి ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఆరోజు విశాఖలో మధ్యాహ్నం అలాగే నెమ్మదించింది. అయిపోయిందనుకుని మా వీధిలో జనం బయటికొచ్చి పడిన చెట్లు చూస్తూ నిలబడ్డారు. కాసేపటికి గాలి ఎదురు దిక్కునుంచి మళ్లీ విరుచుకుపడింది. అంతదాకా నిలిచిన కిటికీలు అప్పుడు పోయాయి. రేడియోలో చెప్పేదాకా తలుపు తీయొద్దు.

ఏడో పని: వెళ్లిపోయాక

ముందు తెగిపడ్డ తీగలు చూడండి. నీళ్లలో తీగ ఉంటే ఆ నీళ్లలో అడుగు పెట్టకూడదు. తడిసిన స్విచ్చు బోర్డులు ఎలక్ట్రీషియన్ చూశాకే ఆన్ చేయాలి. జనరేటర్ ఇంటిలోపల, మెట్లకింద నడపొద్దు. వాసనలేని విషవాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది. వరద వెళ్లిన ఇంట్లో పాములు చేరతాయి. మూలల్లో చెయ్యి పెట్టకుండా కర్రతో కదపండి. కరిస్తే కోయడం, కట్టుకట్టడం వద్దు. కాలు కదపనీయకుండా నేరుగా ఆసుపత్రికి.

నీళ్లు మరిగించే తాగండి. విరేచనాలు మొదలైతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు, రెండూ చెంచా అంచుకు సమంగా కొలిచి, కలిపి కొద్దికొద్దిగా పట్టాలి.

శుభ్రం చేసే ముందు ప్రతి గదినీ, గోడమీద నీటి గీతనూ ఫోటోలు తీయండి. నష్టం రాసుకోవడానికి వచ్చే సిబ్బందికి, బీమా సర్వేయర్‌కి అవే సాక్ష్యం. సాయానికి 112, రాష్ట్ర విపత్తు కంట్రోల్ రూమ్‌కి 1070, జిల్లాకు 1077.

ఎనిమిదో పని: ఏడాదికి రెండుసార్లు

బంగాళాఖాతంలో తుపాన్లు ఏప్రిల్, మే నెలల్లో ఒక విడత, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఇంకో విడత వస్తాయి. అందుకే మేం ఉగాదికి ఒకసారి, వినాయక చవితికి ఒకసారి పెట్టె తెరుస్తాం. ఇల్లు దులిపే రోజే ఆ పనీ అయిపోతుంది. గడువు దాటిన బిస్కెట్లు, మందులు తీసి కొత్తవి పెట్టాలి. టార్చి వెలిగించి చూడాలి. పోయినసారి బ్యాటరీ లోపలే కారిపోయి టార్చి పాడైంది. అప్పట్నుంచి బ్యాటరీలు విడిగా కవర్లో ఉంచుతున్నాం. పిల్లల కొలతలు మారతాయి కాబట్టి బట్టల జతలు కూడా మార్చాలి.

అదే రోజు ఒక చిన్న పరీక్ష. రాత్రి ఎనిమిదింటికి చెప్పకుండా మెయిన్ ఆపేస్తాను. చీకట్లో టార్చి, పెట్టె, తాళంచెవులు ఎవరికి ఎంతసేపట్లో దొరుకుతాయో చూస్తాం. ఈ ఏడు మా చిన్నదానికి అన్నీ రెండు నిమిషాల్లో దొరికాయి, సంపు తాళంచెవి తప్ప. రంగులు వేసినప్పుడు మేకు తీసేశారట. ఆ రాత్రే కొత్త మేకు కొట్టి తాళంచెవి మళ్లీ తగిలించాం.